చదవకుండా రాసే చర్చ: ఆన్‌లైన్ క్లాసు ఫోరంలు ఎక్కడ నిలుస్తాయి, ఎక్కడ చతికిలబడతాయి

క్లుప్తంగా

కోర్సుతో పాటు తెరిచే చర్చావేదికల్లో చాలావాటిది ఒకే కథ: రెండు వారాలు కళకళ, ఆపైన మొక్కుబడి. తప్పు విద్యార్థుల బద్ధకానిదో, సాఫ్ట్‌వేర్‌దో అనుకోవడం పరిపాటి. మెలిక వేరేచోట ఉంది. తోటివారి పోస్టులు చదవకుండానే తన పోస్టు పూర్తిచేసే వీలుంటే ఎవరూ చదవరు, చదవనప్పుడు చర్చ పుట్టదు. ప్రశ్న, బృందంలో ఎంతమంది, గడువులు, మార్కులు, అధ్యాపకుడి జోక్యం అనే ఐదూ ఒకరి మాట మరొకరికి అవసరమయ్యేలా కుదిరినచోటే ఫోరం నడుస్తుంది. అడిగిందే తడవుగా రాసిపెట్టే ఏఐ వచ్చాక ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతోంది.

పుట్టుకలో అది సందేహాల పెట్టె

క్లాసులో జరిగే చర్చకు గంటే హద్దు. ప్రశ్న వేసిన మరుక్షణం చెయ్యెత్తే నలుగురే మాట్లాడతారు. మిగతావారికి ఆలోచన ఒక కొలిక్కి వచ్చేలోపు పాఠం ముందుకు వెళ్ళిపోతుంది. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో సైన్సు తరగతుల రికార్డింగులు విని ఈ సంగతిని లెక్కగట్టారు. ప్రశ్న అడిగాక టీచర్లు సుమారు ఒక సెకను మాత్రమే ఆగుతున్నారు. ఆ విరామాన్ని 3 సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, వాటికి కారణాలు తోడయ్యాయి, అంతవరకు నోరు విప్పనివారు కూడా మాట్లాడారు. ఫోరం ఆ 3 సెకన్లను 3 రోజులు చేస్తుంది. చదువులో దానికున్న అసలు బలం ఇదే.

ఆలోచన కొత్తదేమీ కాదు. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ప్లేటో అనే కంప్యూటర్ విద్యావ్యవస్థ ఉండేది. 1973లో డేవిడ్ వూలీ అనే కుర్రవాడు దానికోసం 'నోట్స్' అనే ప్రోగ్రాం రాశాడు. వ్యవస్థలో కనబడిన లోపాన్ని ఒకరు రాస్తే, దాని కిందే మరొకరు జవాబు రాసేలా చేయడం దాని ఉద్దేశం. అంటే తొలి ఫోరంలలో ఒకటి చర్చ కోసం కాక సందేహాల కోసం పుట్టింది. 1988లో బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ తన కోర్సుల్లో ఒకదానికి కోసీ అనే వ్యవస్థను వాడి, వెయ్యిమందికి పైగా దూరవిద్య విద్యార్థులను కంప్యూటర్ ద్వారా మాట్లాడించింది. 2002లో మూడుల్ అనే కోర్సు నిర్వహణ సాఫ్ట్‌వేర్ తొలి వెర్షన్ వచ్చింది. దాన్ని రాసిన మార్టిన్ డూగియమాస్ ఆస్ట్రేలియావాసి. ఉచిత సాఫ్ట్‌వేర్ కావడంతో ఆ తర్వాత ఏ చిన్న కళాశాలైనా ఒక్క క్లిక్కుతో ఫోరం తెరవగలిగింది. చిక్కు మొదలైంది కూడా అక్కడే. తెరవడం సులువైంది గానీ నడపడం ఎవరికీ నేర్పలేదు.

అందరూ రాశారు, ఎవరూ మాట్లాడుకోలేదు

విఫలమయ్యే ఫోరంలలో ప్రశ్న ఇంచుమించు ఇలా ఉంటుంది: "కిరణజన్య సంయోగక్రియ ప్రాముఖ్యాన్ని చర్చించండి. 150 పదాలకు తగ్గకుండా ఒక పోస్టు, ఇద్దరి పోస్టులకు జవాబు తప్పనిసరి. గడువు ఆదివారం రాత్రి."

తర్వాత ఏం జరుగుతుందో ముందే చెప్పవచ్చు. ఒకరిద్దరు శుక్రవారం రాస్తారు. మిగతా అందరూ ఆదివారం రాత్రి చివరి గంటల్లో పడతారు. పాఠ్యపుస్తకంలోని ఒకే పేరా అరవై రూపాల్లో ప్రత్యక్షమవుతుంది. మొదటి ముగ్గురూ చెప్పాల్సినదంతా చెప్పేశారు కాబట్టి నాలుగోవారికి మిగిలింది మాటలు అటూ ఇటూ మార్చడమే. ఇక జవాబులు: "చాలా బాగా రాశారు. మీతో ఏకీభవిస్తున్నాను. ఆక్సిజన్ గురించి చెప్పిన విషయం నచ్చింది." ఈ జవాబును ఏ పోస్టు కిందనైనా అతికించవచ్చు, అది అతుకుతుంది కూడా. విద్యార్థులు సోమరులు కారు. అడిగినదాన్ని అతి తక్కువ శ్రమతో చేసి మమ అనిపించారు, అంతే. అడిగిన తీరే అలాంటిది.

పైకి అంతా సవ్యంగానే ఉంటుంది. 60 మందీ రాశారు, 180 పోస్టులు వచ్చాయి, నివేదికలో వంద శాతం పాల్గొన్నట్టు పడుతుంది. ఫోరంల వైఫల్యం చాలాకాలం బయటపడకపోవడానికి ఈ అంకెలే కారణం.

సగం పని ప్రశ్నలోనే

చర్చ పుట్టాలంటే ప్రశ్నకు మూడు గుణాలు కావాలి. పుస్తకంలో నేరుగా జవాబు దొరకకూడదు. ఒకటికి మించి తోవలుండాలి. ఒకరు చెప్పింది మరొకరికి అడ్డమైనా రావాలి, పనికైనా రావాలి. అదే పాఠాన్ని ఇంకోలా అడిగి చూస్తే తేడా తెలుస్తుంది.

17వ శతాబ్దంలో యాన్ బాప్టిస్ట్ వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త ఒక కుండీలో 200 పౌన్ల ఎండుమట్టి పోసి, 5 పౌన్ల బరువున్న విల్లో మొక్క నాటాడు. 5 ఏళ్ళపాటు నీళ్ళు తప్ప ఏమీ పోయలేదు. చివరికి చెట్టు 169 పౌన్లకు పైగా తూగింది, మట్టి మాత్రం సుమారు 2 ఔన్సులే తగ్గింది. చెట్టు బరువంతా నీటి నుంచే వచ్చిందని ఆయన తేల్చాడు. ఇంతవరకు చెప్పి, "ఆయన తర్కంలో ఎక్కడ తప్పు జరిగింది? ఆ కాలంలో ఉన్న పరికరాలతోనే ఆ తప్పును పట్టుకోగల ఒక ప్రయోగం సూచించండి. అంతకుముందే ఎవరైనా ప్రయోగం సూచించి ఉంటే, అది ఎక్కడ విఫలమవుతుందో చెప్పి, ఆ తర్వాతే మీది రాయండి" అని అడగవచ్చు.

ఇలాంటి ప్రశ్న కింద థ్రెడ్ (ఒకదాని కింద ఒకటిగా పేరుకునే పోస్టుల వరస) సాగే తీరు వేరు. ఎవరో ఒకరు "మట్టిలోని పోషకాల వల్ల" అంటారు. ఇంకొకరు "మట్టి తగ్గింది 2 ఔన్సులే కదా, 164 పౌన్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి?" అని ఆపుతారు. మూడోవారు నీటి పక్షం వహిస్తారు. ఇక్కడ చర్చ తిరిగిన చోటే తిరగడం మొదలుపెడుతుంది. అధ్యాపకుడు ఒకే వాక్యంతో దిగాల్సిన చోటు ఇది: "ఎండు కట్టెను గాలి తగలకుండా కాలిస్తే మిగిలే బొగ్గు నీటిలో ఉందా?" జవాబు చెప్పలేదు, దారీ మూయలేదు. బొగ్గు అంటే కార్బన్, నీటిలో కార్బన్ లేదు, మట్టి లెక్కకు అందడం లేదు. ఇక మిగిలింది గాలి. అక్కడి నుంచి గాజు గంట కింద మొక్కను మూసిపెట్టే ప్రయోగం, దానిలో గాలి చాలదని ఒకరి అభ్యంతరం, సున్నపుతేటతో గాలిని పరీక్షించమని మరొకరి సవరణ, ఇలా పది పన్నెండు పోస్టులు నడుస్తాయి. వీటిలో ఏ పోస్టునైనా విడిగా తీసి చదివితే సగమే అర్థమవుతుంది. అది లోపం కాదు, చర్చ జరిగిందనడానికి ఆనవాలు.

అన్ని పాఠాలకూ ఇంత మంచి చారిత్రక ఉదాహరణ దొరకదు. అప్పుడు పనికొచ్చే రూపాలు కొన్ని ఉన్నాయి. తప్పు ఉన్న పరిష్కారాన్ని ఇచ్చి ఏ మెట్టులో తప్పిందో పట్టమనడం, ఒకే దత్తాంశాన్ని ఇచ్చి రెండు విరుద్ధ నిర్ధారణల్లో ఒకదాన్ని సమర్థించమనడం, ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చి కలిపితేగానీ జవాబు రాకుండా చేయడం అలాంటివి. గణితంలో మొదటిది బాగా నడుస్తుంది. సాహిత్యం, చట్టం, నిర్వహణశాస్త్రాల్లో రెండోది. నిర్వచనాలు, సూత్రాలు, తేదీలకు మాత్రం ఫోరం పెట్టకపోవడమే మేలు, వాటికి క్విజ్ చాలు.

పదిమంది చేతిలో పాము

పదిమంది చేతిలో పాము చావదన్న సామెతను ఫ్రెంచి వ్యవసాయ ఇంజినీరు మాక్స్ రింగెల్మన్ తాడు లాగించి కొలిచాడు. ఒంటరిగా లాగినప్పటి బలంతో పోలిస్తే, ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి వాటా ఇంచుమించు సగానికి పడిపోయింది. కొంత నష్టం లాగే లయ కుదరకపోవడం వల్ల, మరికొంత ఎవరో ఒకరు లాగుతారులే అనుకోవడం వల్ల. 1979లో మనస్తత్వ శాస్త్రవేత్త బిబ్ లటానే బృందం చప్పట్లు, కేకలతో చేసిన ప్రయోగాలు ఈ రెండో కారణాన్ని విడిగా నిరూపించాయి. అరవై మంది ఉన్న ఫోరంలో వేసిన ప్రశ్న ఎవరినీ ఉద్దేశించినది కాదు. పన్నెండు మందిలో వేసిన ప్రశ్నకు జవాబు రాకపోతే ఎవరు రాయలేదో అందరికీ తెలుస్తుంది.

మనస్తత్వం సంగతి పక్కనపెట్టినా, కూడికలు గుణకారాలే పెద్ద ఫోరాన్ని ముంచుతాయి. 60 మంది, తలా 3 పోస్టులు, పోస్టుకు సగటున 120 పదాలు అనుకుంటే వారానికి 21,600 పదాలు. నిమిషానికి 200 పదాల వేగంతో చదివినా 108 నిమిషాలు పడుతుంది. ఒక కోర్సు ఫోరానికి, ఒక్క వారంలో, కేవలం చదవడానికి! ఏ విద్యార్థీ అంత చదవడు. పైనున్న రెండు మూడు పోస్టులు చూసి వాటికే జవాబిస్తాడు, కిందివి అనాథలవుతాయి. అదే తరగతిని 12 మంది చొప్పున 5 బృందాలు చేస్తే ఒక్కొక్కరు చదవాల్సింది 36 పోస్టులు, 4,320 పదాలు, సుమారు 22 నిమిషాలు. ఇది మనుషులు చేయగలిగిన పని.

మరీ చిన్నదైనా ఇబ్బందే. ఐదుగురి బృందంలో ఇద్దరు ఆ వారం రాకపోతే మిగిలిన ముగ్గురికి విరుద్ధాభిప్రాయమే దొరకదు. పన్నెండు మందిలో ముగ్గురు తగ్గినా తొమ్మిది మంది ఉంటారు. పది నుంచి పదిహేను మధ్య ఏ అంకె అయినా పనిచేస్తుంది. బృందాలు వారం వారం మార్చకూడదు. ఒకరి ధోరణి ఒకరికి తెలిసి, కాదనే చనువు ఏర్పడటానికి కనీసం నాలుగైదు వారాలు పడుతుంది.

బృందాలు ఎవరు వేయాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. 2013 మొదట్లో కోర్సెరా అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో ఆన్‌లైన్ విద్య మీదే ఒక కోర్సు మొదలైంది. 40 వేల మందికి పైగా చేరారు. బృందాల్లో పేర్లు విద్యార్థులే నమోదు చేసుకోవాలని ఒక గూగుల్ స్ప్రెడ్‌షీట్ ఇచ్చారు. ఒకేసారి 50 మందికి మించి దిద్దే వీలులేని షీటు అది. ఒకరి పేరు మీద ఒకరు రాసుకుని గందరగోళమై, వారం తిరిగేసరికి కోర్సే ఆపేశారు. బృందాలను వ్యవస్థ ద్వారా యాదృచ్ఛికంగా వేయించడమే తేలిక.

రెండు గడువులు

ఒకే గడువు ఉన్న ఫోరంలో మొదట రాసినవారికి చదవడానికేమీ ఉండదు, చివర రాసినవారిని చదివేవారెవరూ ఉండరు. ఈ చిక్కు విడిపోవాలంటే వారాన్ని రెండుగా కోయాలి. సోమవారం ప్రశ్న, బుధవారం రాత్రికి సొంత అభిప్రాయం, శనివారం రాత్రికి జవాబులు. ఆదివారం వంతు వచ్చిన ఒకరు బృందం ఎక్కడ ఏకీభవించిందో, ఎక్కడ విడిపోయిందో 200 పదాల్లో కూర్చి పెట్టాలి. రెండు గడువుల మధ్య రెండు రోజులకు తగ్గితే ఆలోచనకు సమయం చాలదు, వారం దాటితే మొదట ఏం రాశామో మరిచిపోతారు.

ఈ కూర్పు అధ్యాపకుడి భారాన్ని కూడా దించుతుంది. వారానికి 21,600 పదాలు చదవడం ఆయనవల్ల కూడా కాదు. ఐదు కూర్పులను పూర్తిగా చదివి, రోజుకొక బృందం థ్రెడ్‌లోకి తొంగిచూస్తే సరిపోతుంది. థ్రెడ్‌ను పదో రోజున మూసేయాలి. తెరిచి ఉంచితే సెమిస్టర్ చివర మార్కుల కోసం పాత ప్రశ్నల కింద కుప్పతెప్పలుగా పోస్టులు పడతాయి.

మార్కులు దేనికి?

మార్కులు లేకపోతే ఆసక్తి ఉన్న కొద్దిమందే మిగులుతారు. వెబ్‌సైట్ల వాడకంపై నిపుణుడు జేకబ్ నీల్సన్ 2006లో చెప్పిన 90-9-1 సూత్రం ప్రసిద్ధం: బహిరంగ వేదికల్లో వందలో 90 మంది చదివి ఊరుకుంటారు, 9 మంది అప్పుడప్పుడు రాస్తారు, ఒక్కరే తరచుగా రాస్తారు. అది ఉజ్జాయింపు అంచనాయే గానీ, స్వచ్ఛందంగా వదిలేసిన ఏ వేదికైనా అటువైపే జారుతుంది. మరీ ఎక్కువ మార్కులు పెట్టినా ప్రమాదమే. పోస్టు వ్యాసంగా మారిపోతుంది, తప్పు చెప్పడానికి భయపడతారు, తప్పులు లేని చోట దిద్దుబాట్లూ ఉండవు. మొత్తంలో 10 నుంచి 20 శాతం మధ్య ఉంచడం వాడుకలో కుదిరిన కొలత.

ఎంత అన్నదానికన్నా దేనికి అన్నది ముఖ్యం. పోస్టుల సంఖ్యకు మార్కులిస్తే సంఖ్య వస్తుంది. పదాలకిస్తే పదాలు వస్తాయి. వారానికి 5 మార్కులనుకుంటే, ఆధారంతో కూడిన వాదనకు 2, మరొకరి పోస్టులోని ఫలానా మాటను పేర్కొని దాన్ని పొడిగించినందుకో, ఖండించినందుకో 2, తన అభిప్రాయం ఎందుకు మారిందో, ఎందుకు మారలేదో చెప్పినందుకు 1 అని పంచవచ్చు. ఆ చివరి ఒక్క మార్కును చిన్నచూపు చూడకూడదు. అభిప్రాయం మార్చుకోవడం ఓటమి కాదని విద్యార్థికి చెప్పే చోటు అదొక్కటే. పది వారాల్లో మేలైన ఏడింటినే లెక్కలోకి తీసుకుంటే జ్వరాలు, ప్రయాణాలు, పరీక్షల గొడవ కూడా తీరిపోతుంది.

మార్కులతో పాటు ఒక నమూనా చూపించడం తప్పనిసరి. మంచి జవాబు ఎలా ఉంటుందో చాలామంది ఎన్నడూ చూసి ఉండరు. మొదటి వారంలోనే ఒక బలహీనమైన జవాబు, ఒక గట్టి జవాబు పక్కపక్కన పెడితే వంద నిబంధనల పని అయిపోతుంది. టొరంటోలో మార్లీన్ స్కార్డమాలియా, కార్ల్ బెరైటర్ అనే విద్యా పరిశోధకులు రూపొందించిన నాలెడ్జ్ ఫోరంలో దీన్నే ఇంకో రకంగా చేశారు. "నా సిద్ధాంతం", "ఇంకా అర్థం కావలసింది", "ఈ సిద్ధాంతం వివరించలేనిది" వంటి ఎత్తుగడ వాక్యాలను ఎంచుకుని రాయమంటారు. చిన్న పిల్లల తరగతుల్లో కూడా ఇవి పనిచేస్తాయి, ఎందుకంటే "బాగా రాశారు"తో మొదలయ్యే వాక్యం ఆ జాబితాలోనే లేదు.

అధ్యాపకుడు ఎంత మాట్లాడాలి?

ఇక్కడ అనుభవజ్ఞుల్లోనూ ఏకాభిప్రాయం లేదు. ప్రతి పోస్టుకూ జవాబిచ్చే అధ్యాపకుడు శ్రద్ధగలవాడిగా పేరు తెచ్చుకుంటాడు, కానీ చర్చ చక్రం ఆకుల్లా తయారవుతుంది. అందరూ ఆయనతోనే మాట్లాడతారు, ఒకరితో ఒకరు మాట్లాడరు. ఆస్ట్రేలియాలో ఆన్‌లైన్ ఖగోళశాస్త్ర కోర్సుల మీద మార్గరెట్ మజోలినీ, సారా మాడిసన్ 2003లో ప్రచురించిన అధ్యయనం సరిగ్గా దీన్నే చూపింది. అధ్యాపకులు ఎక్కువగా రాసిన ఫోరంలలో విద్యార్థుల పోస్టులు పెరగలేదు, థ్రెడ్లు పొట్టివయ్యాయి. అయినా విద్యార్థులు ఆ అధ్యాపకులకే మంచి రేటింగు ఇచ్చారు. విద్యార్థుల సంతృప్తినీ, చర్చ ఆరోగ్యాన్నీ ఒకే కొలతతో చూడకూడదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

అలాగని ప్రశ్న పడేసి చేతులు దులుపుకుంటే ఏమవుతుందో కూడా తెలిసిందే. కెనడాలో రాండీ గారిసన్, టెరీ ఆండర్సన్, వాల్టర్ ఆర్చర్ 2000లో ఒక నమూనా ప్రతిపాదించారు. దాని ప్రకారం ఆన్‌లైన్ చదువుకు మూడు కావాలి: మనుషులు మనుషులుగా కనబడటం, ఆలోచన ముందుకు సాగడం, నడిపించేవారు ఉండటం. ఆలోచన సాగే తీరును వారు నాలుగు మెట్లుగా విడదీశారు. ప్రశ్న రేగడం, వెతుకులాట, కలిపి చూడటం, తేల్చుకోవడం. మరుసటి ఏడాది ఒక చిన్న నమూనాలో సందేశాలను ఈ మెట్ల ప్రకారం వేరు చేస్తే 42 శాతం వెతుకులాట దగ్గరే ఆగాయి. కలిపి చూడటానికి చేరినవి 13 శాతం, తేల్చుకోవడానికి చేరినవి 4 శాతం. వదిలేస్తే చర్చ రెండో మెట్టు మీదే కూలబడుతుంది, తలా ఒక ఆలోచన పోగేసి ఇంటికి పోతారు. మూడో మెట్టు ఎక్కించడానికే అధ్యాపకుడు కావాలి.

కాబట్టి ఎన్నిసార్లు అన్నదానికన్నా ఎప్పుడు, ఏ వాక్యంతో అన్నదే లెక్క. మొదటి వారం దగ్గరగా ఉండాలి, రాసిన ప్రతివారికీ ఎవరో ఒకరి నుంచి జవాబు అందేలా చూడాలి. మొదటి పోస్టు గోడకు చెప్పినట్టు మిగిలిపోయినవారు రెండోసారి మనసు పెట్టి రాయరు. రెండో వారం నుంచి వెనక్కి తగ్గి మూడు సందర్భాల్లోనే దిగాలి. తప్పు సమాచారం నిజంగా చలామణీ అవుతున్నప్పుడు. అందరూ మరీ తొందరగా ఏకీభవించినప్పుడు. రెండు పోస్టులు ఒకదాన్నొకటి ఖండిస్తున్నా ఎవరూ గమనించనప్పుడు. ఈ మూడో సందర్భంలో "మూడో పోస్టులో చెప్పిందీ ఏడో పోస్టులో చెప్పిందీ రెండూ నిజమయ్యే వీలుందా?" అన్న ఒక్క వాక్యం పేజీ నిండా రాసిన వివరణ కన్నా ఎక్కువ పని చేస్తుంది. "ఇంకెవరైనా?" అన్న ప్రశ్నకు మాత్రం జవాబు రాదు. అది ఎవరినీ అడిగినట్టు కాదు.

సందేహాలు వేరు, చర్చ వేరు

రెండింటినీ ఒకే ఫోరంలో పెట్టడం తరచుగా జరిగే పొరపాటు. సందేహానికి ఒక సరైన జవాబు ఉంటుంది, అది ఎంత త్వరగా వస్తే అంత మంచిది. చర్చకు త్వరగా వచ్చిన సరైన జవాబే ఉరితాడు. సందేహాల ఫోరంలో పేరు దాచుకునే వీలివ్వాలి, ఎందుకంటే "ఇది కూడా తెలియదా" అన్న బిడియమే చాలామందిని ఆపుతుంది. చర్చలో పేరు ఉండాలి, మాటకు బాధ్యత దాని నుంచే వస్తుంది.

సందేహాల ఫోరం బాగుపడేది శీర్షికతో. "సహాయం కావాలి" అని పెట్టిన థ్రెడ్‌ను ఎవరూ తెరవరు, తర్వాత వెతికినా దొరకదు. "అధ్యాయం 3, లెక్క 7: రెండో మెట్టులో గుర్తు ఎందుకు మారింది?" అని పెడితే అదే సందేహమున్న పదిమంది మళ్ళీ అడగకుండా దాన్నే చూసుకుంటారు. అధ్యాపకుడు వెంటనే జవాబివ్వకుండా కొన్ని గంటలు ఆగి, తోటి విద్యార్థులు చెప్పింది సరైనదైతే "సరైన జవాబు" అని గుర్తుపెట్టడం మేలు. 24 గంటలు దాటితే మాత్రం తానే చెప్పాలి. వాట్సాప్ గ్రూపు ఈ పనికి పనికిరాదు. జవాబు నిమిషంలో వస్తుంది, మరుసటి రోజుకు వంద సందేశాల కింద కూరుకుపోతుంది, అదే సందేహం వారం వారం తిరిగొస్తుంది.

2016లో అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు అశోక్ గోయల్ తన కృత్రిమ మేధ కోర్సు ఫోరంలో జిల్ వాట్సన్ అనే పేరుతో ఒక ప్రోగ్రాంను సహాయకురాలిగా పెట్టారు. సుమారు 300 మంది విద్యార్థులు సెమిస్టర్‌కు 10 వేల దాకా సందేశాలు పెడుతున్నారు, వాటిలో మళ్ళీ మళ్ళీ వచ్చేవే ఎక్కువ. జవాబిస్తున్నది మనిషి కాదని విద్యార్థుల్లో ఎక్కువమంది పసిగట్టలేదు. సందేహాల పెట్టెను యంత్రానికి అప్పగించవచ్చని అది చూపింది. చర్చను అప్పగించవచ్చని కాదు.

సెట్టింగుల సంగతి

మూడుల్ వంటి వ్యవస్థల్లో ఫోరం రకాన్ని ఎవరూ మార్చకుండా వదిలేస్తారు. అందులో ప్రశ్నోత్తరాల రకం ఒకటుంది. తన జవాబు పెట్టి, దాన్ని దిద్దుకునే గడువు (సాధారణంగా 30 నిమిషాలు) ముగిసేదాకా ఇతరుల జవాబులు కనిపించవు. చూసి రాయడాన్ని ఇది బాగానే ఆపుతుంది. చదవకుండా రాయడాన్ని మాత్రం తప్పనిసరి చేస్తుంది! అందుకే దాన్ని మొదటి గడువుకే వాడి, రెండో విడత జవాబులను తప్పక జత చేయాలి. ఈమెయిల్ చందాను బలవంతంగా పెడితే వారానికి 180 మెయిళ్ళు వెళ్తాయి. విద్యార్థులు వాటిని ఒక ఫోల్డర్‌లోకి మళ్ళిస్తారు, పరీక్ష తేదీ మారిన ప్రకటన కూడా దాంతోపాటే పోతుంది. రోజుకొక సారాంశ మెయిల్ చాలు, ప్రకటనలకు వేరే ఫోరం ఉండాలి.

యంత్రం రాసే పోస్టులు

చాట్‌జీపీటీ 2022 నవంబర్ 30న విడుదలైంది. డిసెంబర్ మొదటి వారంలోనే ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తర వేదిక స్టాక్ ఓవర్‌ఫ్లో దానితో రాసిన జవాబులను నిషేధించింది. జవాబులు చూడటానికి సరైనవిగా ఉంటాయి, తరచు తప్పుతాయి, పరీక్షించే మనుషులు చాలరు అన్నది వారి కారణం. తరగతి ఫోరంలకు ఇబ్బంది ఇంకాస్త లోతైనది. అక్కడ జవాబు కన్నా జవాబు వెతికిన శ్రమే ముఖ్యం కదా. గుర్తుపట్టే సాధనాలను నమ్ముకోవడం దారి కాదు. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ కూడా తన సొంత గుర్తింపు సాధనాన్ని కచ్చితత్వం చాలడం లేదంటూ 2023 జులైలో ఉపసంహరించుకుంది.

గమనిస్తే, యంత్రం సులువుగా రాసిపెట్టగలిగేది "ప్రాముఖ్యాన్ని చర్చించండి" రకం ప్రశ్నకే. థ్రెడ్‌లో ఏముందో చూడకుండా యంత్రం జవాబివ్వగల ప్రశ్నకు, విద్యార్థి కూడా ఇన్నాళ్ళూ చూడకుండానే జవాబిచ్చాడు. జబ్బు పాతది, ఇప్పుడు పరీక్షలో తేలింది. బృందం తానే సేకరించిన కొలతల మీద ప్రశ్న పెట్టడం, క్లాసులో ఆ రోజు జరిగిన వాదనను కొనసాగించమనడం, మూడో వారంలో రాసిన పోస్టును ఏడో వారంలో తానే ఖండించమనడం, కూర్పు రాసినవారిని క్లాసులో రెండు నిమిషాలు మాట్లాడమనడం కొంతవరకు పనిచేస్తాయి. థ్రెడ్ మొత్తాన్ని యంత్రానికి అతికించి ఇచ్చే వీలు ఎలాగూ ఉంటుంది, పూర్తి రక్షణ లేదు. కానీ క్లాసులో నోటితో సమర్థించుకోవాల్సి వస్తుందని ముందే తెలిస్తే, అతికించేవారు కూడా ముందు చదువుకుని వస్తారు.

నడుస్తోందో లేదో తెలుసుకోవడం

పోస్టుల సంఖ్యను పక్కనపెట్టి చూడాల్సినవి వేరే ఉన్నాయి. జవాబుకు జవాబు ఎన్ని మెట్లు దిగింది? రెండో మెట్టు దగ్గరే అన్నీ ఆగిపోతే నిబంధన ప్రకారం రాశారని అర్థం. జవాబుల్లో అధ్యాపకుడికి వెళ్ళినవెన్ని, తోటివారికి వెళ్ళినవెన్ని? జవాబు అందని పోస్టులు ఎవరివి, ప్రతివారం వారివేనా? రాయకపోయినా క్రమం తప్పక చదివేవారిని, ఎవరు ఏం తెరిచారో వ్యవస్థ నమోదుచేసే లాగ్‌లు చూపిస్తాయి. వారిని గైర్హాజరుల్లో కలపకూడదు, విని నేర్చుకునేవారు క్లాసులోనూ ఉంటారు.

వీటన్నిటికన్నా తేలికైన పరీక్ష ఒకటుంది, పావుగంట పడుతుంది. ఏదైనా వారం నుంచి ఇరవై పోస్టులు తీసి, పేర్లూ క్రమమూ చెరిపేసి, విడివిడి కాగితాల మీద అచ్చువేయాలి. కోర్సుతో సంబంధం లేని సహోద్యోగికి ఇచ్చి, వాటిని వరసలో పేర్చమనాలి. ఏది దేనికి జవాబో ఆయన పట్టుకోగలిగితే అక్కడ చర్చ జరిగింది. ఎలా పేర్చినా ఒకేలా ఉంటే, వచ్చే వారం పెంచాల్సింది తప్పనిసరి జవాబుల సంఖ్య కాదు, మార్చాల్సింది ప్రశ్న.